చెక్ ట్రే

రొయ్య చెప్పుకోదు.
చేపకి నలతగా ఉంటే పైకి తేలి నోరు తెరుస్తుంది,
రొయ్య అడుగునే జబ్బుపడి అడుగునే పోతుంది.
అందుకే తాడు కట్టి చెరువులోకి
చెక్ ట్రే దింపుతాం.
గుప్పెడు మేత వేసి, రెండు గంటలాగి పైకి లాగితే
కనపడని నీళ్ళలో ఏం జరుగుతోందో
ఆ చదరపు వల చెబుతుంది.
మేత మిగిలిందా, అనుమానించు.
పేగు తెల్లబడిందా, ఇంక నిద్ర మానుకో.

పదకొండేళ్ళుగా ఉప్పుటేరు పక్కన
సత్తిరాజుగారి చెరువులకి కాపలా నేను.
ఎన్ని ట్రేలు లాగానో లెక్కలేదు.

మొదట యాభై రూపాయలే.
షెడ్డులో మేత బస్తాల మీద వెల్లకిలా పడుకుని
దోమల చక్రం పొగలో పదమూడు ముక్కలు.
ఆ రాత్రి పన్నెండు వందలొచ్చాయి.
పొద్దున్నే ఆకివీడులో సువార్తకి
నీలం జాకెట్టు గుడ్డ కొన్నాను, బోనస్ అన్నాను.
మొదటి అబద్ధం గెలిచినప్పుడే ఆడాను,
ఓడినప్పుడు కాదు.

మన రాష్ట్రంలో ఆ ఆట తెరుచుకోదని
మేత కంపెనీ కుర్రాడు ఫోన్లో ఏదో నొక్కిపెట్టాడు.
అప్పట్నుంచి ఫోను లెక్కలో
నేను బళ్ళారిలో ఉంటున్నాను.
కాళ్ళు గట్టు బురదలో, మనిషి బళ్ళారిలో.
సువార్త "వింటున్నావా" అన్నప్పుడల్లా
అంత దూరం నుంచే ఊఁ కొట్టేవాణ్ణి.

హద్దు పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నాను.
రోజుకి రెండొందలు.
స్టార్టరు పెట్టె తలుపు మీద సుద్దముక్కతో రాశాను కూడా.
వానకి చెరిగిపోయిందన్నాను.
ఆ ఏడు వాన పడింది జూన్ ఆఖర్లో,
నేను చెరిపింది మే మొదట్లో.

పోయింది రాబట్టుకోడానికి ఓ ఆట,
వచ్చింది నిలవక ఇంకో ఆట.
పాప చెవి దుద్దులు భీమవరంలో తాకట్టు.
డీజిల్ క్యానులో రెండు లీటర్లు తక్కువ.
పేటలో నలుగురికి నాలుగు అబద్ధాలు,
ఏది ఎవరికి చెప్పానో మర్చిపోతే
కప్పెట్టుకోడానికి ఐదోది.

మళ్ళీ ఏప్రిల్లో ఓ రాత్రి, మూడు దాటింది,
కరెంటు పోయింది.
ఏరియేటర్ల హోరు ఆగితే ఆ నిశ్శబ్దానికి
పడుకున్న కుక్కయినా లేస్తుంది.
లేచింది. మొరిగింది.
నాకు ఇస్పేటు రాణి కావాలి.
ఒక్క ముక్క. ఈ ఆట అవగానే జనరేటరు.
రాణి రాలేదు.
టార్చి వేసి చూస్తే
గట్టు పొడుగునా నీటి అంచున
వేల ఎర్ర కళ్ళు,
గాలి కోసం పైకొచ్చి, నా వైపే.

మూడో వంతు పోయాయి.
సత్తిరాజుగారు కరెంటోళ్ళని తిట్టారు.
నేనూ తిట్టాను, ఆయనకన్నా గట్టిగా.

సువార్త మాత్రం తిట్టలేదు.
రోజంతా రొయ్యలు ఒలిచి, ఐసుకి మొద్దుబారిన వేళ్ళతో
నా ఫోను తీసుకుని
బ్యాంకు మెసేజీలు ఒక్కొక్కటే పైకి చదివింది.
ఎక్కడా ఆగలేదు, నా మొహం చూడలేదు.
లక్షా ఎనభై నాలుగు వేలు.
"ఇంకా ఉందా అడుగున?" అంది.
ఉంది. చెప్పాను.

ఇప్పుడు నా దగ్గర బటన్ల ఫోను.
జీతం ఆమె ఖాతాలో.
బుధవారం బుధవారం ఏలూరు పెద్దాసుపత్రి,
అక్కడ డాక్టరమ్మ అడుగుతుంది:
తింటున్నావా, నిద్ర పడుతోందా,
ఆడొద్దంటే ఎవరి మీద చిరాకు పడ్డావు,
ఈ వారం ఎవరి దగ్గర ఏం దాచావు?
నాకు తెలిసిన పనే ఇది,
తాడు మటుకు ఆవిడ చేతిలో ఉంది.

ఒక్కో రాత్రి మూడింటికి
బొటనవేలు దానంతటదే కదులుతుంది,
లేని ముక్కని పక్కకి జరుపుతూ.
అప్పుడు లేచి, వేళ కాకపోయినా ట్రే లాగుతాను.
నిన్న రాత్రి మేత మొత్తం తిన్నాయి.

రేపు లోడు దింపించడానికి సత్తిరాజుగారు వస్తారు.
ఆ ఏప్రిల్ సంగతి ఆయనకింకా చెప్పలేదు.
అదొక్కటే
అడుగున.